మన రేవుల్లో సుంకం గొడవలు

బళ్ళో మనకి చెప్పిన చరిత్రంతా రాజులు, యుద్ధాలు, రోడ్డు పక్కన నాటించిన చెట్లు. పరీక్ష అయిపోగానే మర్చిపోయాం. నాకు మాత్రం కోస్తా పాత చరిత్రలో అన్నిటికంటే సరదాగా అనిపించేది సుంకం గొడవలు. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు, ఎవరు మాట్లాడుకున్నదానికంటే ఎక్కువ గుంజారు అన్న సంగతులు తవ్వితే ఆ కాలపు మనుషులు కళ్ళ ముందుకొస్తారు. రాజుగారి బిరుదుల్లో మనిషి కనపడడు, సుంకం దగ్గర పోట్లాటలో కనపడతాడు. అలాంటివి కొన్ని, నాకు బాగా నచ్చినవి, ఇక్కడ రాస్తున్నాను. కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కలే, ఘంటసాల నుంచి మోటుపల్లి మీదుగా బందరు (మచిలీపట్నం) దాకా. చివర్లో మద్రాసు కూడా వస్తుంది, ఎందుకో అక్కడ చెప్తాను.

ముందు ఘంటసాల. ఆ పేరు చెప్తే ఎవరికైనా పాటే గుర్తొస్తుంది, తప్పేం లేదు, కానీ ఊరు గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. బందరుకి పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఇప్పుడు చుట్టూ వరిచేలు, సముద్రం ఊసే లేదు. రెండో శతాబ్దంలో భూగోళం రాసిన టాలెమీ ఈ ఊరిని కొంటకోస్సైల అన్నాడు. సువర్ణభూమికి, అంటే బర్మా, మలయా వైపుకి వెళ్ళే ఓడలు ఒడ్డు పట్టుకుని వచ్చి వచ్చి, ఈ ప్రాంతం దగ్గర్లోనే ఒడ్డు వదిలి నడి సముద్రంలోకి తిరుగుతాయని కూడా రాశాడు. అంతకుముందు ఒకటో శతాబ్దంలో ఎర్రసముద్రం వర్తకం మీద ఎవరో గ్రీకు వ్యాపారి రాసిన పుస్తకంలో ఈ తీరం పేరు మసాలియా. అక్కడ సన్నబట్ట విపరీతంగా నేస్తారని ఒక్క ముక్కలో తేల్చేశాడు. వ్యాపారి కదా, గుళ్ళూ గోపురాలూ అతనికెందుకు.

ఘంటసాల స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో ఒకదాంట్లో శివకుడు అనే ఒక మహానావికుడి పేరుంది. అంతే, పేరూ హోదా. ఎక్కడికి వెళ్ళొచ్చాడో, ఎన్ని ఓడలకి పెద్దో రాయి చెప్పదు. కానీ రాజు కాదు, మంత్రి కాదు, ఓడ నడిపేవాడు రాతి మీద పేరు చెక్కించుకోగలిగాడంటే ఆ రోజుల్లో ఆ వృత్తికి ఎంత డబ్బు, ఎంత గౌరవం ఉండేవో అర్థమవుతుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంటుంది. నాణెం మీద ఓడ వేసుకున్న రాజుకి రేవు ఆదాయం విలువ తెలియదంటే నేను నమ్మను.

తర్వాత వెయ్యేళ్ళు ఒక్క గంతులో దాటేస్తున్నాను.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర ఒక చిన్న పల్లె. చినగంజాం అంటే ఉప్పు కొటార్లే అందరికీ తెలుసు. మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది, 1244-45 నాటిది. దీన్ని అభయ శాసనం అంటారు. పోటీ పరీక్షలకి చదివిన ప్రతివాళ్ళూ ఈ పేరు బట్టీ పట్టే ఉంటారు. లోపల ఏముందో మాత్రం చాలామంది చదివి ఉండరు, అసలు మజా అక్కడే ఉంది.

అప్పటి ఆచారం ఏమిటంటే, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుఫానులో చిక్కి, కొయ్యలు విరిగి, దారి తప్పి ఏ రేవుకి కొట్టుకొస్తే ఆ రేవు రాజు అందులో ఉన్న సరుకంతా లాగేసుకోవచ్చు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదైనా సరే. ఓడ మునిగిపోకుండా ప్రాణాలతో బయటపడ్డానని వర్తకుడు దణ్ణం పెట్టుకునేలోపు ఒడ్డున రాజుగారి మనుషులు సంచులతో రెడీ. మాకు ముందున్న రాజులు ఇలాగే చేసేవాళ్ళని గణపతిదేవుడు ఏ మొహమాటం లేకుండా రాయించాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని ఇంత ప్రమాదానికి తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అన్నాడు. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పై పాళ్ళలో ఒక పాలు. అంటే వందకి మూడు రూపాయల చిల్లర. చందనానికి ఎంత, కర్పూరానికి ఎంత, ముత్యాలకి ఎంత అని కింద ధరల పట్టీ కూడా ఉంది. పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, ఏదీ వదల్లేదు. దయ, కీర్తి, పుణ్యం అని మొదలెట్టి మిరియాల రేటు దగ్గర ముగించిన ఆ తీరు చూస్తే నాకు గణపతిదేవుడి మీద గౌరవం పెరిగింది. ఓడలు రావాలంటే ముందు భయం పోవాలి, భయం పోవాలంటే లెక్క రాతి మీద ఉండాలి, అధికారి నోట్లో కాదు.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే మార్కో పోలో చెప్పింది చూడాలి. ఆయన మలబారు తీరం గురించి రాస్తూ, వేరే ఊరికి వెళ్ళాల్సిన ఓడ పొరపాటున తమ రేవులోకి వస్తే అక్కడివాళ్ళు మొత్తం దోచేసి, నువ్వు వెళ్ళాల్సింది ఇంకెక్కడికో, దేవుడే నిన్ను మా దగ్గరికి పంపించాడు, కాబట్టి ఇదంతా మాదే అంటారని చెప్పాడు. అదే మార్కో పోలో మోటుపల్లి గురించి కూడా రాశాడు, ముత్‌ఫిలి అన్నాడు. అక్కడ ఒక రాణి పాలిస్తోందని, భర్త పోయాక నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతోందని తెగ మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవి. గణపతిదేవుడికి కూతురు, భార్య కాదు, ఆ చుట్టరికం దగ్గర పప్పులో కాలేశాడు. ఈయన ఈ తీరానికి వచ్చేటప్పటికి ఆవిడ ఉన్నారో లేదో కూడా అనుమానమే, ఎందుకంటే నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం ఆవిడ 1289లోనే పోయారు. రేవులో చెప్పుకునే మాటలు విని రాసుకుని ఉంటాడు.

అలా విన్నవాటిల్లో వజ్రాల కథ ఒకటి. లోతైన లోయల్లో వజ్రాలు, వాటి చుట్టూ పాములు, మనిషి దిగలేడు. పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు దానికి అతుక్కుంటాయి, తెల్ల గద్దలు ఆ మాంసం పట్టుకుని ఎగురుతాయి, జనం అరిచి గద్దల్ని బెదిరించి వజ్రాలు ఏరుకుంటారు. సింద్‌బాద్ కథల్లో ఉన్నదే ఇది. కృష్ణ ఒడ్డున గుంటలు తవ్వి మన్ను కడిగి వజ్రాలు ఏరే కూలీలు ఈ కథ విని ఉంటే ఏమనేవాళ్ళో. గద్దల సంగతి ఎలా ఉన్నా బట్టల గురించి రాసిందాంట్లో ఏ అనుమానమూ లేదు. సాలెగూడు అంత సన్నంగా నేస్తారు, వాటిని కట్టుకోడానికి సంబరపడని రాజు గానీ రాణి గానీ లోకంలో ఉండరు అన్నాడు. మసాలియా రోజుల నుంచి అక్కడిదాకా పన్నెండు వందల ఏళ్ళు గడిచినా చూసినవాడల్లా బట్టనే మెచ్చుకున్నాడు.

కాకతీయులు పోయాక కొండవీటి రెడ్లు వచ్చారు. అనవోతారెడ్డి 1358లో మళ్ళీ మోటుపల్లిలోనే శాసనం వేయించాడు. ఈసారి సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలో కూడా, ఎందుకంటే వచ్చే వర్తకుల్లో తమిళులు ఎక్కువ, వాళ్ళకి అర్థం కాని భాషలో అభయం ఇచ్చి ఏం లాభం. ఇందులో నాకు నచ్చింది అపుత్రిక దండం తీసేయడం. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజు తీసుకునే పద్ధతి అది. దూరదేశం నుంచి వచ్చి కాపురం పెట్టిన వర్తకుడు ఇక్కడే పోతే, కొడుకు లేడన్న సాకుతో గిడ్డంగి మొత్తం కోశాగారానికి చేరేది. దాన్ని వదులుకుంటున్నాం, వచ్చి ఉండండి, వెళ్ళాలనుకుంటే వెళ్ళండి అన్నారు. ఆ రోజుల్లో రాజు ఒకణ్ణి రమ్మనడం మామూలే, వెళ్ళనివ్వడం మాత్రం గొప్పే.

కొండవీటి దగ్గర అవచి తిప్పయసెట్టి అని ఒక మహా వర్తకుడు ఉండేవాడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి కావలసిన కర్పూరం, కస్తూరి లాంటి సుగంధాలు సరఫరా చేసిన కుటుంబం వాళ్ళది. శ్రీనాథుడు హరవిలాసం ఆయనకే అంకితం ఇచ్చాడు. అందులో తిప్పయసెట్టి ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెప్పించాడో చెప్పే పద్యం ఒకటుంది, సింహళం ఏనుగులు, హొర్ముజ్ గుర్రాలు, చీనా పట్టు, అన్నీ వస్తాయి. మిగతా కవులు తమ రాజు గెలిచిన కోటల పేర్లు పద్యంలో పేర్చినట్టు శ్రీనాథుడు సరుకుల పేర్లు పేర్చాడు. ఒక సెట్టిగారికి కావ్యం అంకితమా అని అప్పుడు ఎవరైనా మూతి విరిచారేమో, నాకైతే ఆ పద్యం ఆ కాలపు దిగుమతుల రిజిస్టరులా కనపడుతుంది.

ఇక బందరు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఇక్కడి కథ అలాంటిది.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఈ తీరానికి వచ్చింది. కెప్టెన్ పేరు ఆంథనీ హిప్పన్. వర్తకం చూసుకోడానికి పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథెనిస్ అని ఇద్దరు ఉన్నారు. విచిత్రం ఏమిటంటే వాళ్ళిద్దరూ డచ్చివాళ్ళు, ఇంతకుముందు ఇక్కడ డచ్చి కంపెనీకే పనిచేసి, ఆ కిటుకులన్నీ తెలుసుకుని ఇంగ్లీషు కంపెనీలో చేరారు. ముందు పులికాట్ వెళ్తే అక్కడి డచ్చివాళ్ళు వర్తకం చేసుకోనివ్వలేదు. విజయనగర రాజు వెంకటపతిరాయల కౌలు, అంటే రాసిచ్చిన అనుమతి, మా దగ్గరుంది, ఇక్కడ మేమే కొనాలి అన్నారు. అక్కణ్ణుంచి పెదపల్లి, అంటే ఇప్పటి నిజాంపట్నం, ఆపైన బందరు. బట్టకి ఎర్రరంగు పట్టించే చిరివేరు నిజాంపట్నం వైపు మహా నాణ్యంగా దొరికేది. వాళ్ళకి ఈ రంగుబట్టలు ఎందుకంటే ఇంగ్లండులో అమ్మడానికి కాదు. జావా, పటానీ, సయాం వైపు మిరియాలు, సుగంధ ద్రవ్యాలు కొనాలంటే ఇంగ్లీషు ఉన్ని బట్ట ఆ ఉక్కపోతలో ఎవడికి కావాలి, మన అద్దకం బట్ట అయితే ఎగబడి తీసుకునేవాళ్ళు. కాబట్టి ముందు ఇక్కడ బట్ట కొనాలి, తర్వాత అక్కడ మిరియం కొనాలి.

అప్పుడు బందరు గోల్కొండ వాళ్ళది. రేవు మీద అధికారం మీర్ జుమ్లా అనే హోదా ఉన్న గోల్కొండ మంత్రిది. ఫ్లోరిస్ రాసుకున్న దినచర్య మిగిలింది కాబట్టి మనకి ఇవన్నీ తెలుస్తున్నాయి. నాలుగు శాతం సుంకం అని మాట్లాడుకుంటే, తీరా సరుకు దిగాక పన్నెండు కట్టమన్నారట. ఇదేమిటయ్యా అంటే రేవులో ఉన్న అధికారి, నేను మీర్‌ని, ప్రవక్త వంశంవాణ్ణి, నీ మాట నమ్ముతారా నా మాట నమ్ముతారా అన్నాడట. గణపతిదేవుడు రేటు రాతి మీద ఎందుకు చెక్కించాడో ఇక్కడ తెలుస్తుంది. ఇంకా ఆ తగువు తేలకముందే 1612 జనవరిలో గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చనిపోయాడు, హైదరాబాదు కట్టించిన ఆయనే. కొడుకులు లేరు. గొడవలవుతాయని అందరికీ టెన్షన్, కానీ అన్న కొడుకో తమ్ముడి కొడుకో అనే లెక్క తేలేలోపే అల్లుడు కూడా అయిన సుల్తాన్ మహమ్మద్‌ని గద్దె ఎక్కించేశారు. ఫ్లోరిస్ చేసేదేం లేక రాజీపడి బట్టలు ఎక్కించుకుని తూర్పుకి వెళ్ళిపోయాడు. కెప్టెన్ హిప్పన్ ఆ ఏడే పటానీలో పోయాడు.

మళ్ళీ రెండేళ్ళకి గ్లోబ్ ఇటు తిరిగొచ్చింది. ఓడ అడుగు పాడైతే నరసాపురం ఏట్లోకి తీసుకెళ్ళి బాగుచేయించుకున్నారు, గోదావరి వడ్రంగులకి అప్పట్లో ఓడల పనిలో అంత పేరు. ఫ్లోరిస్ ఈసారి సరుకు అరువు ఇచ్చాడు. అరువు తీసుకున్నవాళ్ళలో బందరు గవర్నరు కూడా ఉన్నాడు, ఇంకొకరి బాకీకి హామీ కూడా ఉన్నాడు. ఓడ బయల్దేరే కాలం దగ్గరపడింది, డబ్బు మాత్రం రావడం లేదు. రేపు, ఎల్లుండి, వచ్చే వారం. మనకి తెలియని వరస కాదు. గాలి తిరిగితే ఓడ ఆగదు కదా, ఇంకొన్ని రోజులు నెట్టుకొస్తే వాడే పోతాడని గవర్నరు ధీమా.

ఫ్లోరిస్ తెగించాడు. 1614 నవంబరు 21న గవర్నరు కొడుకు వెంకటాద్రి రేవులో సుంకపు ఇంట్లో ఉన్నాడు, కాపలా పెద్దగా లేదు. పడవలో తెరచాప గుడ్డల్లో చుట్టి ఆరు తుపాకులు తెప్పించి పెట్టుకున్నారు. అదను చూసి వెంకటాద్రిని పట్టుకుని పడవెక్కించి తిన్నగా ఓడకి లాక్కెళ్ళిపోయారు. ఊరంతా ఒడ్డుకి పరుగెత్తింది గానీ అప్పటికే ఆలస్యమైంది. డచ్చివాళ్ళ పెద్ద మధ్యవర్తిగా వచ్చాడు, మీ మనిషి ఒడ్డునే ఉండిపోయాడు, అతని గతేమిటో ఆలోచించావా అని. అతని ఒంటి మీద చెయ్యి పడితే ఈ కుర్రవాణ్ణి తెరచాప కొయ్యకి ఉరేస్తానని ఫ్లోరిస్ సమాధానం. సుంకం గొడవ ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. వెంకటాద్రి బ్రాహ్మణుడు. ఇంకొకళ్ళ ఇంట్లో, ఇంకొకళ్ళు వండింది ముట్టడు. ఓడలో అయితే మరీ. నీళ్ళు కూడా తాగనన్నాడట. రోజులు గడుస్తున్నాయి, కుర్రవాడు ఉపవాసం, ఒడ్డున తండ్రి బేరం ఆడుతున్నాడు. ఫ్లోరిస్‌కే జాలి వేసి, పేరున్న ముసల్మాను పెద్దలు ఇద్దరు ఇతని బదులు వచ్చి ఓడలో కూర్చుంటే ఇతన్ని వదిలేస్తాను అన్నాడు. ఒక్కరూ ముందుకి రాలేదు. ఊరి గవర్నరు కొడుకు కోసం ఇద్దరు మనుషులు దొరకలేదంటే ఆ గవర్నరుకి ఊళ్ళో ఎంత మంచి పేరుందో ఊహించుకోవచ్చు. చివరికి గవర్నరు తన బాకీ కట్టాడు, మిగతావాళ్ళ చేతా కట్టించాడు. నవంబరు 30న వెంకటాద్రిని ఒడ్డుకి పంపేశారు.

నాకు ఈ కథలో ఫ్లోరిస్ ధైర్యం కంటే వెంకటాద్రి పంతమే పట్టుకుంది. తొమ్మిది రోజులు నిజంగా ఏమీ ముట్టలేదా, ఇంటి నుంచి పడవలో రహస్యంగా ఏదైనా చేరిందా, ఆ ఇంట్లో వాళ్ళమ్మ ఆ తొమ్మిది రోజులూ ఎలా ఉంది, ఇవేవీ ఆ దినచర్యలో లేవు. రాసినవాడికి రావలసిన బాకీ వచ్చేసింది, అక్కడితో అతని ఆసక్తి అయిపోయింది. అలా అని ఫ్లోరిస్ ఊరిని అసలు పట్టించుకోలేదని కాదు, సోమవారం నాడు అమావాస్య వస్తే ఇక్కడి ఆడామగా అందరూ వెళ్ళి సముద్రంలో స్నానం చేస్తారని అదే దినచర్యలో రాసుకున్నాడు. ఇప్పటికీ సోమావతి అమావాస్యకి మంగినపూడి వైపు జనం కదులుతూనే ఉంటారు. ఇంతా చేసి ఫ్లోరిస్ ఆ డబ్బుతో సుఖపడింది లేదు, 1615లో లండన్ చేరాడు, చేరిన కొద్ది కాలానికే పోయాడు.

బందరులో ఇంగ్లీషువాళ్ళకి ఆ తర్వాత కూడా ఈ బాధ తప్పలేదు. 1628లో అధికారుల పోరు పడలేక చిన్న పడవలో జారుకుని దక్షిణాన దుర్గరాజుపట్నం చేరారు, అక్కడ అంతకుముందే వాళ్ళు పెట్టుకున్న కొట్టు ఒకటి ఉంది. సాయం చేసిన స్థానిక పెద్ద ఆర్ముగం మొదలియారు పేరుతో దాన్ని ఆర్మగాన్ అనేవాళ్ళు. కానీ అక్కడ బందరు బట్ట లేదు. 1632లో గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా అని పేరు పడ్డ ఫర్మానా ఇచ్చాడు, ఏడాదికి ఐదు వందల వరహాలు కట్టి గోల్కొండ రేవుల్లో మీ ఇష్టం వచ్చినట్టు వర్తకం చేసుకోండి అని. శాతాల తగువే లేదు, గుత్తగా ఒకే లెక్క. దాంతో మళ్ళీ బందరు చేరారు. అయినా ఒకసారి పడవెక్కి పారిపోయినవాడికి సొంత చోటు ఉంటే బాగుండు అనిపించక మానదు కదా.

ఆ వెతుకులాటలోనే ఆర్మగాన్ పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు పట్నం ఒడ్డు చూశాడు. ఆ నేల విజయనగర రాజు కింద ఆ ప్రాంతం ఏలుతున్న మన దామెర్ల వాళ్ళది. వెంకటాద్రి నాయకుడు, పూనమల్లి వైపు చూసుకునే ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు. వీళ్ళ తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. కౌలులో సుంకం సంగతి బహు జాగ్రత్తగా రాసుకున్నారు. కంపెనీ సొంత సరుక్కి సుంకం ఉండదు, రేవులో మిగతావాళ్ళ దగ్గర వసూలయ్యే సుంకంలో సగం కంపెనీకి, సగం నాయకుడికి. అంటే బందరులో పాతికేళ్ళు సుంకం కట్టి ఏడ్చినవాళ్ళు ఇక్కడ వసూలు చేసే వైపుకి వచ్చి కూర్చున్నారు. ఎగతాళి కాదు గానీ తెలివైన బేరమే.

కోట మాత్రం నాయకుడే తన ఖర్చుతో కట్టించి ఇస్తాడని డే బందరుకి కబురు పంపాడు. బందరు కొఠీ (కంపెనీ వర్తక కేంద్రం) పెద్ద ఆండ్రూ కోగన్, డే కలిసి 1640 ఫిబ్రవరిలో సామాన్లతో వచ్చి దిగితే నాయకుడు పైసా ఇవ్వలేదు, నేను అలా అన్లేదన్నాడు. అప్పు చేసి కట్టాల్సి వచ్చింది. కట్టడానికయ్యే డబ్బు మీద వడ్డీ నా జేబులోంచి ఇస్తాలెండి అని అంతకుముందు డే మాటిచ్చి ఉన్నాడు, అదీ ఇవ్వలేదు. లండన్‌లో కంపెనీ పెద్దలు బిల్లు చూసి సణుక్కున్నారు.